ధూళి నిలవని కోట

ఒకానొక రాజ్యంలో దుమ్ముకు చోటే లేదట. ఇది నా మాట కాదు, ఆ రాజ్యపు ఆస్థానకవి కంఠీరవభట్టు మాట. భట్టు అన్నదాన్ని రాజు నమ్మాడు. రాజు నమ్మాక తక్కినవాళ్ళు నమ్మక చస్తారా?

ఆ రాజ్యం కుందనగిరి. రాజు ఉద్దండవర్మ. మనిషి చెడ్డవాడేం కాదు. ఆకలని వచ్చినవాణ్ణి తరిమేవాడు కాదు, రైతుల్ని పీడించేవాడు కాదు. కాకపోతే పొగడ్త చెవిన పడితే ఎండలో పెట్టిన వెన్నముద్ద అయిపోయేవాడు. భట్టు ఆ ఎండను వేళ తప్పకుండా కాయించేవాడు.

"మహాప్రభో! సూర్యుణ్ణి చూసి చీకటి పారిపోయినట్టు, తమ తేజస్సును చూసి ధూళి పారిపోతోంది. అందుకే ఈ కోటలో ఏ మూల చూసినా అద్దంలా మెరుస్తోంది" అన్నాడు భట్టు ఒకనాడు నిండు కొలువులో.

రాజు నాలుగు దిక్కులా చూశాడు. నిజమే, ఎక్కడా పిసరంత దుమ్ము లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన ఆ కోటలో దుమ్ము చూసి ఎరగడు. "ఔను సుమా! ఇన్నాళ్ళూ నాకు తోచనే లేదు" అని మీసం మెలేశాడు.

ఆయన ఎరగకపోవడానికి కారణం ఉంది. అది ఆ కోటలో తాతల నాటి ఆచారం. రాజు నిద్ర లేచే వేళకు శంఖం ఊదుతారు. ఊడ్చేవాళ్ళు, కడిగేవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు ఆ శంఖం వినపడకముందే పని ముగించుకుని ఉత్తరపు దిడ్డివాకిలి గుండా బయటపడాలి. ఎవరైనా వెనకబడితే గోడవైపు తిరిగి, ముఖాన కొంగు కప్పుకుని నిలబడాలి. రాజుకు వాళ్ళ ముఖం కనపడకూడదు. వంటవాళ్ళను ఎన్నడూ చూడకుండా విస్తరి ముందు కూర్చున్నవాడికి, అన్నం విస్తట్లోనే మొలిచిందనిపించడంలో వింతేముంది?

ఆ కొలువులో కూచన అని ఒకడుండేవాడు. రాజుకు పొద్దుపోనప్పుడు నవ్వించడం, కోపం వచ్చినప్పుడు చల్లార్చడం అతని ఉద్యోగం. సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు, ముక్కుపొడుం మనిషి. తెల్లవారకముందే ఏటికి స్నానానికి పోయే అలవాటు అతనిది. అందువల్ల కొలువు మొత్తానికి ఆ ఊడ్చేవాళ్ళ ముఖాలు ఎరిగినవాడు అతనొక్కడే.

వాళ్ళలో పెద్దది నూకాలు. ఆమె ఎదురైతే కూచన ఆగి, "ఏం నూకాలమ్మా, బాగున్నావా?" అని పలకరించందే కదిలేవాడు కాదు. ఒక ఏడాది ఊళ్ళోకి మహమ్మారి వచ్చినప్పుడు కూచన తల్లికి సోకింది. బంధువులు వీధి అవతల నిలబడి అయ్యో అయ్యో అన్నారే గానీ గడప తొక్కలేదు. నూకాలు పిలవకుండానే వచ్చింది. ముసలమ్మ పక్కబట్టలు మార్చి, గది కడిగి, సున్నం చల్లి, ఆమె లేచి కూర్చునేదాకా రోజూ వచ్చింది. కూచనకు పండితులు చాలామంది తెలుసు. అంత గొప్ప మనిషి మాత్రం అతనికి మరొకరు కనపడలేదు. ఆ మాట ఎవరి ముందైనా చెప్పేవాడు.

ఇలా ఉండగా ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారేసరికి కోట ముంగిలి నిండా ఆకులు, పుల్లలు, బురద. నూకాలు బలగమంతా ఒళ్ళు దాచుకోకుండా పనిచేసినా ముగియలేదు. శంఖం ఊదేశారు. అందరూ దిడ్డివాకిలి వైపు పరిగెత్తారు. నూకాలు మాత్రం ఆకుల కుప్ప ముందు నిలబడిపోయింది. చీపురు అడ్డుపెట్టి ఉంచింది కాబట్టి సరిపోయింది గాని, ఆమె గోడవైపు తిరిగిందంటే కుప్పంతా గాలికి మళ్ళీ చెదిరిపోయేదే.

సరిగ్గా అప్పుడే రాజు మేడ మీదికి వచ్చాడు, వెనకే భట్టు, కూచన.

"ఎవరా మనిషి? ఆ చేతిలో కట్ట ఏమిటి?" అన్నాడు రాజు.

పాపం, ఆయన చీపురును చూడడం అదే మొదలు.

భట్టు చిక్కులో పడ్డాడు. నిజం చెబితే తన పద్యాలన్నీ ఏట్లో కలిసినట్టే. అయినా నోరున్నవాడు కదా, తడుముకోకుండా అన్నాడు: "అది చీపురు, ప్రభో. తమ తేజస్సు మీద నమ్మకం లేనివాళ్ళు పట్టుకునేది."

రాజు ముఖం ఎర్రబడింది. "నా తేజస్సుకు పుల్లల కట్ట సాయమా? ఇంతకన్నా అవమానముందా! ఇకమీదట ఈ కోటగోడల లోపల చీపురు పట్టినవాళ్ళు, తుడిచినవాళ్ళు, కడిగినవాళ్ళు రాజద్రోహులు. వీళ్ళంతా పున్నమినాటికి గోడ పక్క గుడిసెలు ఖాళీ చేసి రాజ్యం దాటిపోవాలి!"

కూచన మేడ దిగి దిడ్డివాకిలి దగ్గరికి పోయాడు. అప్పటికే అక్కడ ఏడుపులు మొదలయ్యాయి.

"బాబయ్యా, నా కూతురు నెలలు నిండి ఉంది. దాన్ని ఏసుకుని ఏ ఊరని ఎల్లేది?" అంది నూకాలు. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, అర్థంకానితనం ఉంది. "మా అమ్మ ఊడిసింది, మా అమ్మమ్మ ఊడిసింది. ఊడిసినందుకు తప్పేటి బాబయ్యా?"

ఆ ప్రశ్న కూచన గుండెలో ముల్లులా దిగింది. "తప్పు నీది కాదు నూకాలమ్మా. నువ్వు గుడిసె ఖాళీ చేయనక్కర్లేదు. నేను బతికుండగా ఆ పని జరగనివ్వను. కాకపోతే కొన్నాళ్ళు నా మాట విని చేతులు ముడుచుకుని కూర్చోవాలి. చేతనవుతుందా?"

"అదొక్కటే సేతకాదు బాబయ్యా" అంది నూకాలు. అయినా తలూపింది.

ఆ పూట కొలువులో కూచన లేచి నమస్కరించాడు. "మహాప్రభో, తమ ఆజ్ఞ దివ్యంగా ఉంది. కానీ సగమే దివ్యంగా ఉంది."

"సగమేమిటి?" రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"వీళ్ళను ఊరికే పంపేస్తే పొరుగూళ్ళలో ఏమని చెబుతారు? మేం ఊడ్చబట్టే ఆ కోట మెరిసిందంటారు. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గాని, లోకం మూతికి ఏం పెడతాం? అందుకని వాళ్ళను ఇక్కడే, కొలువులోనే కూర్చోబెట్టాలి. చీపురు తాకకుండా కోట ఎలా మెరుస్తుందో కళ్ళారా చూడాలి. చూసి, చెంపలేసుకుని, అప్పుడు పోవాలి. పున్నమికి పొరుగు రాజ్యపు వేగావతి రాణీగారు మన రాకుమారిని కోడలిగా చేసుకునే మాట మీద వస్తున్నారు కదా. ఆవిడా చూస్తారు."

"భేష్!" అన్నాడు రాజు. భట్టు మాత్రం కాస్త ఇబ్బందిగా కదిలాడు.

"మరి సాక్షులుగా పిలిచాక చాప వేయాలి, అన్నం పెట్టాలి. అది ధర్మం" అన్నాడు కూచన, పొడుం పీలుస్తూ.

అలా నూకాలూ ఆమె వాళ్ళూ మొదటిసారి పట్టపగలు కొలువుకూటంలోకి వచ్చి, పక్క వసారాలో చాపల మీద కూర్చున్నారు. మొదటిరోజు బాగానే ఉంది. రాజు వాళ్ళవైపు గర్వంగా చూశాడు. వాళ్ళు నేలవైపు చూశారు.

ఇక చూడండి తమాషా.

కొలువుకూటం దూలాల మీద పావురాలున్నాయి. రాజు తేజస్సు సంగతి వాటికెవరూ చెప్పలేదేమో, వాటి పని అవి చేసుకుపోయాయి. ఒకటి గురి చూసి సేనాపతి తలపాగా మీద వేసింది. ఆయన కదల్లేదు. తుడుచుకుంటే రాజద్రోహం. పోనీ "పడింది" అందామన్నా, తేజస్సు ఉన్నచోట ఎలా పడిందని రాజు అడుగుతాడు. భట్టుకు దుమ్ము పడదు. పద్యం ఎత్తుకున్నప్పుడల్లా మొదటి పాదం తుమ్ముతో, రెండోపాదం దగ్గుతో ముగిసేది. "జలుబు ప్రభో, జలుబు" అని సర్దుకునేవాడు.

అందరికన్నా ఎక్కువ బాధ వింజామర వీచేవాడిది. ఒక్క ఊపు ఊపితే సింహాసనం చుట్టూ దుమ్ము మేఘంలా లేచేది. ఊపకపోతే రాజుకు ఉక్క, ఊపితే దగ్గు.

చాప మీద నూకాలు అవస్థ చూడాలి. దుమ్ము పేరుకున్న ప్రతి మూలా ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉండేది. "నడుం పట్టేత్తంది బాబయ్యా. ఒక్కపాలి ఆ మూల మట్టుకు ఊడిసేసి వొచ్చేయనా?" అని కూచనను గుసగుసగా అడిగేది. "కూర్చో తల్లీ, నీ పుణ్యం ఉంటుంది" అని అతను బతిమాలేవాడు.

చివరకు రాజే అన్నాడు: "కూచనా, ఆ స్తంభం దగ్గర ఏదో మసకగా ఉంది, చూశావా?"

"చూశాను ప్రభో. అది ధూళి. పొరుగు రాజ్యం నుంచి కొత్తగా వచ్చినట్టుంది. తమ సంగతి తెలియదు పాపం. తమరు ఒక్కసారి దానివైపు కోపంగా చూస్తే సరి."

రాజు సింహాసనం మీద నిటారుగా కూర్చున్నాడు. కళ్ళు పెద్దవి చేశాడు. పళ్ళు బిగించి స్తంభం మొదట్లోకి తీక్షణంగా చూశాడు. కొలువంతా ఊపిరి బిగబట్టింది. ఆ ఉత్కంఠలో వింజామర వాడు ఒళ్ళు మరచి గట్టిగా ఒక ఊపు ఊపాడు. స్తంభం దగ్గరి దుమ్ము గుప్పున లేచి, తిన్నగా వచ్చి రాజు మీసాల మీద వాలింది.

"ఆహా! చూశారా ప్రభో, కదిలింది! తమ కోపానికి జడిసి తమ మీసాల్లోనే శరణు జొచ్చింది. శరణన్నవాళ్ళను కాపాడడం రాజధర్మం కదా, ఇక దులపకండి" అన్నాడు కూచన చేతులు జోడించి.

వసారాలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు లేచి, గబగబా లోపలికి పోయాడు. ఆయన లేచిన చోట సింహాసనం మీద, చుట్టూ ఉన్న దుమ్ము మధ్య, రాజు కూర్చున్నంత మేర పట్టు మెరుస్తోంది. పోయిన దుమ్మంతా ఆయన పట్టుపంచె వెనక భాగాన భద్రంగా ఉంది. అది చూసి కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ మధ్యాహ్నం బంగారు పళ్ళెంలో భోజనం వచ్చింది. పళ్ళెం అంచున నిన్నటి పప్పు ఎండి అంటుకుని ఉంది, దాని పక్కన మొన్నటి పెరుగు. అంట్లు తోమేవాళ్ళు కూడా చాప మీదే ఉన్నారు మరి. రాజు ముద్ద నోట పెట్టుకోలేక లేచిపోయాడు. అంతలో వార్తాహరుడు వచ్చి, వేగావతి రాణీగారు ఏటి అవతలి గట్టున దిగారనీ, రేపు సాయంత్రానికి కోటకు వస్తారనీ చెప్పాడు.

రాజు కూచనను ఏకాంతంగా పిలిపించాడు. ఆయన ముఖం చూస్తే కూచనకు నవ్వు రాలేదు, జాలేసింది. బొమ్మ విరిగిన పిల్లవాడిలా ఉన్నాడు.

"కూచనా, దాచకుండా చెప్పు. నా తేజస్సుకు ఏమైంది? ఎక్కడికి పోయింది?"

"నేనూ అదే వెతుకుతున్నాను ప్రభో. దొరికింది. చూపిస్తాను, రండి."

ఇద్దరూ ఉత్తరపు దిడ్డివాకిలి దగ్గరికి వచ్చారు. రాజు ఎన్నడూ ఆ దారిన నడవలేదు. ఆ వాకిలి ఎంత కురచదంటే, తల వంచందే ఎవరికీ దాటరాదు. రాజు వంచలేదు. కిరీటం పైదూలానికి ఠంగున తగిలింది. రెండోసారి వంచి దాటాడు.

అవతల గోడ నీడన గుడిసెలు వరుసగా ఉన్నాయి. గోడ బయట కాబట్టి అక్కడ చీపురుకు నిషేధం లేదు. ఇప్పుడే కడిగి ఆరబెట్టినట్టుంది ఆ నేల. పేడనీళ్ళ కల్లాపి, దాని మీద ముగ్గు, గడపకు పసుపు. ఒక గుడిసె అరుగు మీద నిండుచూలాలు కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. మూటలు మాత్రం కట్టి ఒక పక్కగా పెట్టి ఉన్నాయి. పోతూ పోతూ కూడా వాకిలి ఊడ్చి, ముగ్గేసుకున్న ఇళ్ళవి.

రాజు ముగ్గు ముందు ఆగిపోయాడు. పాదరక్షల వైపు చూసుకున్నాడు. నెమ్మదిగా వాటిని విడిచాడు. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి, అరుగు చివర కూర్చున్నాడు. లేచి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. పంచెకు కొత్తగా ఏమీ అంటలేదు, పైగా దాని దుమ్మే అరుగుకు అంటింది.

"తమ తేజస్సు ఇన్నాళ్ళూ కాపురం ఉంటున్నది ఇక్కడే ప్రభో" అన్నాడు కూచన మెల్లగా. "చీకటితో లేచి కోటకు వస్తుంది. నడుం వంచి మూలమూలా తిరుగుతుంది. తమరు నిద్ర లేచే శంఖం వినపడగానే ముఖం కప్పుకుని ఇంటికి వచ్చేస్తుంది. ముఖాముఖీ ఎన్నడూ కలవలేదు కనుక తమకు పరిచయం లేదు."

అంతలో నూకాలు కొలువునుంచి కంగారుగా పరిగెత్తుకొచ్చింది. రాజును చూడగానే అలవాటు చొప్పున గోడవైపు తిరగబోయింది.

"నీ పేరేమిటమ్మా?" అన్నాడు రాజు.

"నూకాలు, మారాజా."

రాజు ఆమె చేతులవైపు చూశాడు, వాకిలివైపు చూశాడు, తన పంచెవైపు చూసుకున్నాడు. ఉన్నట్టుండి ఆయనకు స్తంభం వైపు గుడ్లురిమి చూసిన సంగతి గుర్తొచ్చింది. అంతే, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "శరణు జొచ్చిందా! నా మీసాల్లోనా! ఓరి కూచనా!" అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి, తల దించుకున్నాడు.

"నూకాలమ్మా, తప్పు నాది. మీ ఇళ్ళు మీవే, ఎక్కడికీ పోనక్కర్లేదు. నీకు అభ్యంతరం లేకపోతే... రేపటికి కోట బాగుచేయగలరా?"

"సేత్తాం మారాజా. సేయక ఏటి?" అంది నూకాలు. తర్వాత కొంగు భుజాన సర్దుకుని తలెత్తింది. "మాదొక్క మాట. మమ్మల్ని గోడకేసి తిరిగి నిలబడమనకండి. మేం దొంగతనం సేయలేదు, పని సేసినాం. ఎలుగులో వొస్తాం, ఎలుగులో ఎల్తాం."

ఆ మాటకు కూచన ఒళ్ళు పులకరించింది. కొలువులో తాను అన్ని చమత్కారాలు పలికాడు గాని, ఇంత నిటారైన మాట ఒక్కటీ పలకలేదనుకున్నాడు.

మర్నాడు కోటలో పండగే పండగ. పేరుకున్న చెత్త నూకాలు బలగం ఒక్కటే తీయగలిగేంత కాదు. "కొలువులో ప్రతివాడూ చీపురు పట్టాలి, నూకాలమ్మ చెప్పినట్టు చేయాలి" అని రాజు ఆజ్ఞ. భట్టు పుల్లల చీపురు పుచ్చుకుని గాలికి ఎదురుగా ఊడ్చి, కళ్ళనిండా దుమ్ము కొట్టుకున్నాడు.

"అలాక్కాదు బాబూ. గాలి ఎటు పోతందో సూసి ఊడవాల. నేకపోతే ఊడిసిందంతా మన మొకానే పడతాది" అని నూకాలు ఓపిగ్గా నేర్పింది. ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. భట్టు ముఖం మాత్రం చిన్నబోయింది. రాజు స్వయంగా సింహాసనం తుడవబోయి కొండచీపురు తలకిందులుగా పట్టుకున్నాడు. చూసినవాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వాడు.

సాయంత్రం వేగావతి రాణి పల్లకి సింహద్వారం ముందు దిగింది. స్వాగతానికి శంఖం ఊదారు. ఆ చప్పుడుకు, ద్వారం పక్కన కొత్తచీర కట్టుకుని నిలబడ్డ నూకాలు ఉలిక్కిపడి, బతుకంతా అలవాటైన పని చేసేసింది. గోడవైపు తిరిగి ముఖాన కొంగు కప్పుకుంది. ఆమె వెనకే ఆమె వాళ్ళందరూ తిరిగిపోయారు.

రాజు రాణివైపు వేయబోయిన అడుగు ఆపాడు. వెనక్కి నడిచి నూకాలు దగ్గరికి వచ్చాడు.

"ఇటు తిరగమ్మా. ఆ శంఖం ఇవాళ నీకే" అన్నాడు.

నూకాలు తిరిగింది. కొంగు తీసింది. ఆమె కళ్ళు ఇప్పుడు తడిగా ఉన్నాయి.

రాణి కోటంతా కలయజూసింది. "ధూళి నిలవని కోటని విన్నాం. మీ తేజస్సు మహిమేనట కదా?"

భట్టు అలవాటుగా నోరు తెరిచాడు గాని తుమ్మొచ్చింది. రాజే చెప్పాడు: "తప్పుగా విన్నారమ్మా. ఈమె నూకాలమ్మ. వీళ్ళంతా ఆమె వాళ్ళు. మీరు చూస్తున్న వెలుగు వీళ్ళ చేతిది."

రాణి రాజువైపు తిరిగి, "మెరిసే కోటలు చాలా చూశాను. ఊడ్చినవాళ్ళ పేరు చెప్పిన రాజును ఇక్కడే చూశాను. మీ అమ్మాయిని మాకివ్వండి" అంది.

ఆ సంతోషంలో రాజు మెడలోని ముత్యాలహారం తీసి కూచన మెడలో వేశాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"హారం చాలు ప్రభో. చిన్న మనవి ఒకటుంది. భట్టుగారు ఇకమీదట రోజూ తమ వాకిలి తామే ఊడ్చుకుని, ఆ తర్వాతే పద్యానికి కూర్చోవాలి. కవిత్వంలో దుమ్ము తగ్గుతుంది."

రాజు పకపకా నవ్వాడు. కొలువంతా నవ్వింది. భట్టు కూడా నవ్వక తప్పింది కాదు. అప్పటినుంచి ఆయన పద్యాలు సగానికి సగం చిన్నవయ్యాయనీ, మునుపటికన్నా బాగుండేవనీ చెప్పుకుంటారు.

కుందనగిరిలో ఆ తర్వాత పొద్దున శంఖం రెండుసార్లు ఊదేవారు. రెండోది రాజు లేచినందుకు. మొదటిది పొద్దు పొడిచాక నూకాలమ్మా ఆమె వాళ్ళూ సింహద్వారం గుండా, తలెత్తుకుని, పనిలోకి వస్తున్నందుకు.